నోరు మూసుకోవడం నేర్చుకోడానికి లిమరిక్ దాకా

ఊరకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు అని మా నాయనమ్మ అంటూ ఉండేది. రెండోదాన్ని నలభై నిండకుండానే దేవుడు నాకు ఉచితంగా ఇచ్చేశాడు. మొదటిదాని కోసం మాత్రం నేను స్వోర్డ్స్‌లో బయల్దేరి, ఐర్లండ్ అవతలి చివరనున్న లిమరిక్ పట్నం దాటి, ఇద్దరు ఆడవాళ్ళ పర్యవేక్షణలో ఒక చిన్న రగ్బీ మ్యూజియం దాకా వెళ్ళి రావలసి వచ్చింది. రగ్బీ గురించి తెలుసుకుందామని ఇది చదవబోయేవాళ్ళకు ముందే చెప్పేస్తున్నాను. ఆ ఆట గురించి నాకు తెలిసింది గుప్పెడు. అందులో సగం తప్పయినా నన్ను అడక్కండి.

ముందు నేరం

మాది తెనాలి. ఇప్పుడు ఉంటున్నది డబ్లిన్ విమానాశ్రయం పక్కన స్వోర్డ్స్‌లో. నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా ఆవిడ శైలజది కాకినాడ. బోమాంట్ ఆసుపత్రిలో మత్తు డాక్టరు. జనాన్ని నిద్రపుచ్చడం తన వృత్తి అనీ, నిద్రపోయేవాళ్ళను లేపడం నా ప్రవృత్తి అనీ ఆవిడ అభిప్రాయం. మా అమ్మాయి హరిణికి పదిహేనేళ్ళు. మా ఊరి క్లబ్బులో అమ్మాయిల జట్టుకు రగ్బీ ఆడుతుంది.

రగ్బీ తెలియనివాళ్ళ కోసం టూకీగా చెబుతాను. బంతి గుండ్రంగా ఉండదు, మనం పప్పులో వేసే దోసకాయలా ఉంటుంది. ఆడేవాళ్ళు ముందుకు పరుగెత్తాలి, కానీ చేత్తో బంతిని వెనకున్నవాళ్ళకే అందించాలి. మా ఆఫీసులో పనులు కూడా సరిగ్గా ఇలాగే నడుస్తాయి కాబట్టి ఈ నియమం నాకు వెంటనే అర్థమైంది. మైదానానికి రెండు చివర్లా ఇంగ్లీషు హెచ్ అక్షరంలాంటి స్తంభాలుంటాయి. కొన్నిసార్లు ఆట ఆపి, బంతిని చిన్న ప్లాస్టిక్ పీట మీద నిలబెట్టి, జట్టులో ఒకరు దాన్ని ఆ హెచ్ అడ్డకర్ర మీదుగా తన్నాలి. మా జట్టులో ఆ తన్నే మనిషి మా హరిణి.

అలా తన్నబోయే ముందు మైదానం చుట్టూ ఉన్నవాళ్ళందరూ నోరు మూసుకుంటారు. తన్నేది మనవాళ్ళయినా, ఎదుటివాళ్ళయినా అంతే. అలా ఎక్కడా రాసి పెట్టలేదు, కేవలం మర్యాద. లిమరిక్ వైపైతే వేలమంది ఉన్న స్టేడియంలో కూడా చీమ చిటుక్కుమనదని చెప్పుకుంటారు.

ఈ సంగతి నాకు తెలియదు. ఎవరైనా చెప్పినా నమ్మేవాణ్ణి కాదు. మా తెనాలిలో కబడ్డీ కోర్టు పక్కన గమ్మున నిలబడ్డవాణ్ణి ఎదుటి జట్టువాడి బావమరిది అనుకుంటారు. ఇంట్లో మనిషి మౌనంగా ఉన్నాడంటే కూరలో ఉప్పెక్కువైందనో, మనసులో ఏదో పెట్టుకున్నాడనో లెక్క. ప్రేమున్నవాడు అరుస్తాడు. నాకు మా అమ్మాయంటే చాలా ప్రేమ.

సెమీఫైనల్ రోజు హరిణి బంతిని పీట మీద పెట్టి, వెనక్కి నాలుగు అడుగులు వేసి, తల దించుకుని నిలబడింది. చుట్టూ ఒక్కసారిగా నిశ్శబ్దం. అయ్యో, ఇంతమంది ఉండి నా బిడ్డకు ఒక్కరూ ధైర్యం చెప్పరేమిటనుకున్నాను. ఆమె కాలు లేపే క్షణానికి నా గొంతు లేచింది.

"కొట్టు తల్లీ! కొట్టెయ్! మన తెనాలి దెబ్బ చూపించు!"

బంతి స్తంభాల సంగతి మరిచిపోయి పార్కింగ్ వైపు వెళ్ళిపోయింది. అందరూ నా వైపు తిరిగారు. ఒకావిడ పట్టుకున్న కుక్క కూడా తిరిగింది. అదృష్టం బాగుండి, ఆఖరి నిమిషంలో ఇంకో పిల్ల బంతి పట్టుకుని గీత దాటేయడంతో పాయింట్లొచ్చి మావాళ్ళు ఎలాగో గెలిచి ఫైనల్‌కు వెళ్ళారు. లేకపోతే ఈ కథ రాయడానికి నేను ఇంట్లో ఉండేవాణ్ణి కాదు.

కారులో హరిణి విమానాశ్రయం రౌండెబౌట్ దాకా బూట్ల మట్టి గీకుతూ కూర్చుంది. తర్వాత చాలా నెమ్మదిగా అంది.

"డాడ్, ఫైనల్‌కి నువ్వు రావద్దు."

మా అమ్మాయి తెలుగు బాగా అర్థం చేసుకుంటుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో, అదీ పక్కా ఐరిష్ యాసలో చెబుతుంది. మీ సౌకర్యం కోసం ఆ మాటల్ని ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. యాసను మీరే ఊహించుకోవాలి. ఎక్కడైనా ఆమె నిజంగా తెలుగులో మాట్లాడితే అది ప్రత్యేకంగా చెబుతాను, ఎందుకంటే అది గ్రహణంలాంటిది, ఎప్పుడో గానీ పట్టదు.

"అది కాదమ్మా, నాకు తెలియక..."

"ఇట్స్ గ్రాండ్, డాడ్, ఫర్వాలేదు. రాకు, అంతే."

ఆ రోజు నాకు అన్నం సహించలేదు. పెరుగన్నం మాత్రం రెండుసార్లు కలుపుకున్నాను. పిల్ల ఆడటం మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఒక్క మ్యాచ్ కూడా నేను మానలేదు. ఈ దేశపు అడ్డవాన అన్ని దిక్కుల్నుంచీ కొడుతున్నా గొడుగు పట్టుకుని నిలబడ్డాను. ఇప్పుడు ఫైనల్ ఆడుతుంటే ఇంట్లో కూర్చుని గిన్నెలు తోముకోవాలా? నిజంగా ఏడుపొచ్చింది.

చివరికి దారి చూపించింది శైలజే. తనతో పనిచేసే ఒక నర్సుది లిమరిక్ అవతల ఒక చిన్న ఊరు. అక్కడ ఒక పాత బట్టల కొట్టు మేడ మీద ఊరివాళ్ళే నడిపే రగ్బీ మ్యూజియం ఉందట. "ఈ శనాదివారాలు నాకు డ్యూటీ లేదండీ. ముగ్గురం వెళ్దాం. ఆటంటే ఏంటో మీరు తెలుసుకోండి. ఆ తర్వాత ఫైనల్‌కి మిమ్మల్ని రానివ్వాలో వద్దో హరిణే చెబుద్ది" అంది. హరిణి ఆలోచించి సరేనంది. తీర్పు తిరుగుదారిలో. ఫైనల్ ఆ పై ఆదివారం.

బ్లాంచర్డ్స్‌టౌన్: ప్రయాణానికి జంతికలు

జంతికలు లేకుండా మేము కౌంటీ పొలిమేర దాటం. అందుకని శనివారం పొద్దున్నే బ్లాంచర్డ్స్‌టౌన్‌లో మనవాళ్ళ సరుకుల కొట్టు దగ్గర ఆగాం. అక్కడ నిజామాబాద్ రమేశన్న తగిలాడు. ఐర్లండ్‌లో ఎవరు ఎక్కడికి బయల్దేరినా ఆయనకు చెప్పి వెళ్ళాలి, లేకపోతే ఆయన బాధపడతాడు.

"లిమరిక్ దిక్కు పోతున్రా? అయితే సముద్రం కాడ కొండలు సూస్తరన్నట్టు."

"లేదన్నా, రగ్బీ మ్యూజియం."

రమేశన్న చేతిలో బెండకాయలు అలాగే ఆగిపోయాయి. "గంత దూరం పోయి కొండలు సూడకుంట, బంతులు సూసుడేంది? ఎవరన్న జెప్తె నవ్వుతరు తమ్మీ."

నేను నవ్వి ఊరుకున్నాను. అసలు కారణం చెబితే ఆయన ఇంకా ఎక్కువ నవ్వేవాడు. పైగా సాయంత్రానికల్లా మన వాట్సాప్ గ్రూపులన్నింటిలోనూ నా నోటి గురించి చర్చ నడిచేది.

మోటర్‌వే మీద పులిహోర

దారిలో పెట్రోలు బంకు దగ్గర హరిణి చికెన్ ఫిల్లెట్ రోల్ కొనుక్కుంది. జానెడు రొట్టెలో వేయించిన కోడి ముక్కలు, ఉల్లిపాయలు, ఇంకా మనిషికో రకం సాసు. ఈ దేశంలో విద్యార్థి దగ్గర్నుంచి తాపీమేస్త్రీ దాకా అందరి మధ్యాహ్న భోజనం అదే. మన ఊళ్ళో రెండు పూటలా బిర్యానీ తినేంత డబ్బు పోసి, మా అమ్మాయిగారు దాన్ని కారుకు దూరంగా చూరు కింద ఒక బల్ల మీద కూర్చుని తిన్నది. దూరంగా ఎందుకంటే, కారులో మేమిద్దరం పులిహోర డబ్బా మూత తీశాం కాబట్టి.

వాన సన్నగా పడుతోంది. పక్క కారులో ఒక ముసలాయన అద్దం దించి ముక్కు ఎగబీల్చాడు. వాసన బాగాలేదంటాడేమోనని నేను గాభరాపడి డబ్బా ఆయన ముందుకు చాచాను. "కొంచెం తినండి" అన్నాను. "అబ్బే, వద్దు వద్దు" అన్నాడాయన. "ఫర్వాలేదండీ" అన్నాను. "మీకు తక్కువైపోతుంది" అన్నాడు. "బోలెడుంది, తీసుకోండి" అని మూడోసారి అన్నాక, నా మాట పూర్తికాకుండానే ఆయన చెయ్యి డబ్బాలో ఉంది.

నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఈ దేశంలో కూడా మొదటిసారి వద్దనాలి, రెండోసారి వద్దనాలి, మూడోసారి మొహమాటానికి ఒప్పుకున్నట్టు నటించాలి. ఇది అచ్చం మా మేనమామల ఇంటి పద్ధతి. ఆయన ఎండుమిరపకాయ కూడా నమిలేసి, కళ్ళనిండా నీళ్ళతో "లవ్లీ, లవ్లీ" అంటూ అద్దం ఎత్తేసుకున్నాడు. ఆ తర్వాత చాలాసేపు అద్దం వెనక నోరు తెరుచుకుని గాలి పీల్చుకోవడం కనిపించింది.

మార్టిన్ గారి ఇంట్లో ఒక ఓటమి

లిమరిక్ దాటాక రోడ్డు సన్నబడింది. పొలాల మధ్య ఒక ఇంట్లో గది తీసుకున్నాం. ఇంటాయన పేరు మార్టిన్. భార్య పోయాక ఇల్లు బోసిపోయిందని గదులు అద్దెకిస్తున్నాడట. రాత్రి పడకా పొద్దున్న ఫలహారమూ ఆ అద్దెలోనే.

ఐర్లండ్‌లో అందరికీ రగ్బీ అంటే ప్రాణమని నా నమ్మకం. అందుకని దిగీ దిగగానే ఆయన్ని మంచి చేసుకుందామని "రేపు మీ రగ్బీ మ్యూజియం చూడబోతున్నాం" అన్నాను. మార్టిన్ నా వైపు జాలిగా చూశాడు.

"అది మా ఆట కాదయ్యా. మాది హర్లింగ్. కర్రతో ఆడతాం. రగ్బీ లిమరిక్ పట్నం వాళ్ళది. నువ్వు మా ఇంటికొచ్చి పక్కింటివాళ్ళ వంట బాగుందన్నట్టుంది."

ఆ తర్వాత ఆయన గోడ మీదున్న కర్రను దింపి, హర్లింగ్ ఎలా ఆడాలో నాకు నేర్పబోయాడు. రగ్బీ తెలుసుకుందామని వచ్చి, ఆ సాయంత్రమంతా ఇంకో ఆట పాఠం విన్నాను. హరిణి మాత్రం కర్ర తీసుకుని పెరట్లో ఆయనతో బంతి కొట్టింది. పిల్లకు ఏ ఆటయినా ఇట్టే వచ్చేస్తుంది. నా పోలిక అయితే కాదు.

ఆదివారం పొద్దున్న ఫలహారం దగ్గర శైలజ నాకొక పరీక్ష పెట్టింది. తినడం పూర్తయ్యేదాకా ఒక్క మాట మాట్లాడకూడదు. "మీరు మత్తులో ఉన్న పేషెంట్ అనుకోండి" అంది. నేను పళ్ళు బిగించి కూర్చున్నాను. గుడ్లు వచ్చాయి, మాట్లాడలేదు. టీ వచ్చింది, మాట్లాడలేదు. మార్టిన్ తన చేత్తో కాల్చిన నల్ల రొట్టె వేడివేడిగా తెచ్చి, మీద ఉప్పు వెన్న రాసి నా పళ్ళెంలో పెట్టాడు. ఒక్క ముక్క నోట్లో పెట్టుకున్నాను.

"అబ్బబ్బబ్బ! ఏముందండీ మార్టిన్ గారూ, మా రొట్టెల పిండి ఎందుకు ఇలా..."

హరిణి చెంచా కింద పెట్టి వాళ్ళమ్మ వైపు చూసింది. శైలజ కిటికీలోంచి పొలాల వైపు చూసింది. మార్టిన్ ఒక్కడే నన్ను సమర్థించి, రెండో ముక్క వేశాడు.

మేడ మీద మ్యూజియం

ఊరు మొత్తం ఒకటే వీధి. ఒక చర్చి, మందుల షాపు, నాలుగు పబ్బులు. మధ్యలో మూసేసిన బట్టల కొట్టు. పక్కనుంచి ఇరుకు మెట్లెక్కితే మ్యూజియం. తలుపు దగ్గర టికెట్లు లేవు, ఒక గాజు కూజా ఉంది, మీకు తోచింది వెయ్యమని. తోచింది వెయ్యమంటే మనవాళ్ళకు చచ్చే చావు. ఎక్కువేస్తే మనసు ఒప్పదు, తక్కువేస్తే ఎవరో చూస్తున్నారనిపిస్తుంది. నేను నోటు మడిచి, దాని విలువ బయటికి కనిపించేలా వేశాను.

లోపల మాకు ఎదురొచ్చినావిడ పేరు బ్రీడా. డెబ్బై దాటి ఉంటాయి. జీవితమంతా అదే వీధిలో జుట్టు కత్తిరించిందట. నా తల వైపు చూసి "నీతో అయితే నా వ్యాపారం సాగేది కాదు" అంది. ఆ మాటతో మొదలుపెట్టి, మేము మెట్లు దిగేదాకా ఆవిడ ఆపలేదు. నేను నోరు మూసుకోవడం నేర్చుకోడానికి వచ్చిన చోట గురువుగారు నన్ను మించినవారు. అక్కడ మాతో పాటు కార్క్ నుంచి వచ్చిన ఒక జంట కూడా ఉన్నారు. వాళ్ళూ తలలూపడం తప్ప ఏమీ చేయలేకపోయారు.

మ్యూజియం అంటే రెండు గదులు. మొదటి గదిలో పాత తోలు బంతులు. వాటి లోపల ఒకప్పుడు పంది మూత్రాశయం పెట్టి, నోటితో గాలి ఊదేవారట. ఆ పని చేసేవాడి కష్టం ముందు నా ఉద్యోగం కష్టం ఏపాటిదనిపించింది. తర్వాత ఉన్ని చొక్కాలు. వానలో తడిస్తే ఆడేవాడికంటే చొక్కా బరువెక్కువ ఉండేదట. దేశం తరఫున ఆడినవాళ్ళకిచ్చే కుచ్చు టోపీలు. మీసాలవాళ్ళ ఫొటోలు గోడ నిండా.

"ఇంగ్లండ్‌లో ఒక బళ్ళో ఒక కుర్రాడు ఫుట్‌బాల్ ఆడుతూ, బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తాడట, అలా రగ్బీ పుట్టిందట" అని బ్రీడా చెప్పింది. "అబద్ధమే అయ్యుంటుంది. కానీ అందమైన అబద్ధం కదా, ఉంచేశాం. మిగతా చోట్ల ఇది డబ్బున్న బళ్ళ ఆట. మా లిమరిక్‌లో మాత్రం రేవులో మూటలు మోసేవాడూ, వాడికి కట్టుకట్టే డాక్టరూ ఒకే జట్టులో ఆడేవాళ్ళు."

డాక్టరు అనగానే శైలజ ఒక ఫొటో దగ్గరకెళ్ళి, "ఇతనికి భుజం ఎముక తప్పింది, అలాగే నిలబెట్టి ఫొటో తీశారు పాపం" అంది. బ్రీడా వంగి ఆ భుజాన్ని దగ్గరగా చూసింది.

ఆడపిల్లల విభాగం ఒక్క అలమరా. మూడు ఫొటోలు, ఒక జత బూట్లు. మిగతా అరలు ఖాళీ. హరిణి అక్కడ నిలబడి చాలాసేపు చూసింది. "ఖాళీ ఎందుకుంది?" అని అడిగింది. "మీ కోసం అట్టేపెట్టాం" అంది బ్రీడా. ఆవిడ అందరికీ అదే చెబుతుందని నాకు తెలుసు. అయినా నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

ఎర్ర బల్బు

రెండో గదిలో ఈ మ్యూజియం గొప్పంతా ఉంది. నేల మీద ఆకుపచ్చ తివాచీ, గోడకు చిన్న హెచ్ స్తంభాలు, వెనక పరదా. ముందు పీట మీద మెత్తటి బంతి. పక్కన గోడకు ఒక ఎర్ర బల్బు. బ్రీడా మేనల్లుడు ఎలక్ట్రీషియన్. చూసేవాళ్ళ వైపు నుంచి చప్పుడు వినబడితే వెలిగేలా దాన్ని తయారుచేశాడట. ఒకరు తన్నుతుంటే మిగతావాళ్ళు తాడు వెనక నిలబడాలి. ఎవరి వల్ల బల్బు వెలిగితే వాళ్ళు తెల్ల కుచ్చున్న పాత ఉన్ని టోపీ పెట్టుకోవాలి.

"లిమరిక్ మౌనం అంటే ఇదీ. శత్రువుకు కూడా ఇస్తాం" అంది బ్రీడా గర్వంగా. తర్వాత గొంతు తగ్గించి నాతో అంది. "నిజం చెప్పొద్దూ, నా వల్ల మాత్రం ఎప్పుడూ కాలేదు. నా కొడుకు తన్నేవాడు. వాడు కాలెత్తగానే నేను పైకే ప్రార్థన మొదలుపెట్టేదాన్ని. చివరికి మా ఆయన నన్ను కారులో కూర్చోబెట్టి అద్దాలు ఎత్తేసేవాడు. అద్దాల లోపల ఏమన్నా దేవుడికి వినబడుతుంది, రిఫరీకి వినబడదు."

ఆవిడ కాళ్ళ మీద పడాలనిపించింది. హరిణి ఆ మాట చాలా శ్రద్ధగా విన్నది. అప్పుడే నాకు అనుమానం రావలసింది.

ముందు కార్క్ ఆయన తన్నాడు. నాకు గొంతులో గరగరమంది. ఎంత ఆపుకుంటే అంత పెరిగింది. బల్బు వెలిగింది. టోపీ నాకొచ్చింది. తర్వాత ఆయన భార్య. ఈసారి ఊపిరి కూడా ఆపాను. గది నిశ్శబ్దం. ఆవిడ అడుగు వేసింది. నా జేబులో సన్నాయి మేళం మోగింది. అది నా ఫోను. ఆపబోయి స్పీకరు నొక్కేశాను. రమేశన్న.

"ఏం తమ్మీ, కొండలు సూసినవా?"

బల్బు వెలిగింది. టోపీ అప్పటికే నా నెత్తి మీద ఉంది కాబట్టి, నాకు వేయడానికి వేరే శిక్ష లేదని బ్రీడా విచారపడింది. మూడోసారి హరిణి తన్నింది. నేను టోపీ కుచ్చును నోట్లో కుక్కుకున్నాను. నాలుగు అడుగులు వెనక్కి, తల కిందికి, ఊపిరి, కాలు. బంతి స్తంభాల మధ్యనుంచి వెళ్ళి పరదాకు తగిలింది. బల్బు వెలగలేదు. నా నోట్లో ఏ కాలంనాటిదో తెలియని ఉన్ని రుచి. అయినా గెలిచాను. హరిణి నా వైపు చూసి ఒక్క వేలు ఎత్తింది, ఒక మార్కు అని.

"ఇక నువ్వు" అంది బ్రీడా నాతో.

నేను టోపీ తీసి శైలజకిచ్చి, బంతి ముందు నిలబడ్డాను. నాలుగు అడుగులు వెనక్కి వేశాను, పిల్ల చేసినట్టే. అప్పుడు గది మూగబోయింది. బ్రీడా కూడా ఆగిపోయింది. నా వెనక ఐదుగురూ నా కోసం ఊపిరి బిగబట్టి ఉన్నారని నా వీపుకు తెలుస్తోంది. నా జీవితంలో నేను మాట్లాడబోతే జనం గడియారం చూశారు గానీ, నా కోసం ఇలా ఎవరూ ఆగలేదు. వాళ్ళెవరూ నన్ను వదిలెయ్యలేదు. చోటు ఇచ్చారు, అంతే. బంతి చాలా పెద్దగా కనిపించింది. నిజంగా భయం వేసింది.

పరుగెత్తి కాలెత్తాను.

"కొట్టు నాన్నా!"

తెలుగులో. గట్టిగా. బల్బు భగ్గున వెలిగింది.

నేను ఉలిక్కిపడి అటు తిరిగాను. కాలు మాత్రం తన దారిన వెళ్ళిపోయింది. బంతి పీట మీద అలాగే కూర్చుంది. నా బూటు ఊడి, రెండు స్తంభాల సరిగ్గా మధ్యనుంచి వెళ్ళి పరదాకు తగిలి కింద పడింది. కార్క్ దంపతులు చప్పట్లు కొట్టారు. "బూటుకు పాయింట్లు లేవు" అంది బ్రీడా, నిజంగా బాధపడుతూ.

హరిణి రెండు చేతులతో నోరు మూసుకుని ఉంది. ముఖం ఆ బల్బంత ఎర్రగా ఉంది. శైలజ ఒక్క మాట మాట్లాడకుండా టోపీ తీసుకెళ్ళి కూతురి నెత్తి మీద పెట్టింది.

నేను ఒంటికాలి మీద గెంతుకుంటూ వెళ్ళాను. "అదేంటమ్మా?" అన్నాను.

"తెలీదు. వచ్చేసింది." మళ్ళీ ఇంగ్లీషులోకి వెళ్ళిపోయింది. "నువ్వు అక్కడ మరీ ఒంటరిగా కనిపించావు."

"ఆ రోజు నువ్వూ నాకు అలాగే కనిపించావు."

హరిణి కుచ్చును వేలికి చుట్టుకుంది. తర్వాత అంది. "కానీ నాకు అలా ఒంటరిగానే ఉండాలి డాడ్. అప్పుడే నాకు బంతి ఒక్కటే కనిపిస్తుంది. నువ్వు అరిస్తే నాకు నువ్వు కనిపిస్తావు."

నేను మళ్ళీ గెంతుకుంటూ వెళ్ళి బూటు తొడుక్కున్నాను. నేను ఎదురు చెప్పకపోవడం మా ఇంట్లో ఎప్పుడోగానీ జరగదు కాబట్టి శైలజ నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

తిరుగుదారి, తీర్పు

బ్రీడా టీ ఇస్తానంది. మేము వద్దన్నాం. ఆవిడ అడిగింది. మళ్ళీ వద్దన్నాం. మూడోసారికి అందరం కూర్చున్నాం. టీతో పాటు ఊళ్ళోవాళ్ళ కథలన్నీ విన్నాం. ఇక బయల్దేరదామని లేచిన ప్రతిసారీ ఇంకో కథ మొదలయ్యేది. మా ఇళ్ళల్లో గుమ్మం దగ్గర సాగే మాటలకు ఇక్కడ మెట్లుంటాయి, ఒక్కో మెట్టు మీద ఒక్కో కథ.

మోటర్‌వే ఎక్కాక తీర్పు వచ్చింది.

"నువ్వు ఫైనల్‌కి రావచ్చు."

నేను స్టీరింగ్ వదిలేయబోయాను.

"కారులో. అద్దాలు ఎత్తేసి."

"అవునండీ, అదే మంచిది" అంది శైలజ వెనకసీటులోంచి, జంతిక కొరుకుతూ. ఇద్దరూ ముందే మాట్లాడుకున్నారని నాకు అర్థమైంది. బ్రీడా చెప్పిన ఆ మందు నాకే పడుతుందని ఆ మేడ మీదే నేను గ్రహించాల్సింది.

మళ్ళీ స్వోర్డ్స్ వైపు, అద్దాల వెనక

మ్యాచ్ మేము ఓడిపోయాం. ముందే చెప్పేస్తున్నాను, దాని కోసం ఎదురుచూడకండి.

మైదానం పక్కనే రోడ్డు. కారు స్తంభాలకు ఎదురుగా పెట్టుకుని, నాలుగు అద్దాలూ ఎత్తి, ఒడంబడిక ప్రకారం లోపల కూర్చున్నాను. శైలజ బయట గొడుగు కింద. లోపల మాత్రం నాకు పూర్తి స్వేచ్ఛ. మొదటి సగమంతా అరిచాను. రిఫరీకి సలహాలిచ్చాను, తెనాలిని తలుచుకున్నాను, ఎదుటి జట్టు మీద నాలుగు మాటలు కూడా అన్నాను. దాంతో ఒక చిక్కొచ్చి పడింది. బయట చలి, లోపల నా ఊపిరి. అద్దాలు పాలపొంగులా తెల్లబడిపోయాయి. చొక్కా చేతితో తుడిస్తే రెండు నిమిషాలు కనిపించేది, నేను ఇంకో మాట అనగానే మళ్ళీ మూసుకుపోయేది. నా నోరే నా కళ్ళకు అడ్డం పడింది.

రెండో సగం చివర్లో ఈల వినబడింది. తర్వాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం నాకు ఇప్పుడు తెలుసు. హరిణి తన్నబోతోంది. అద్దం తుడిచాను, మళ్ళీ తెల్లబడింది. ఇక ఆగలేక తలుపు చప్పుడు కాకుండా తీసి బయటికొచ్చాను. తలుపు వెయ్యలేదు. శైలజ నన్ను చూసి కళ్ళు పెద్దవి చేసి, వేలు పెదాల మీద పెట్టుకుంది. నేను తలూపాను.

మైదానం మధ్యలో మా అమ్మాయి తల దించుకుని నిలబడి ఉంది. చుట్టూ ఉన్నవాళ్ళందరూ ఊపిరి బిగబట్టి ఆమెకు చోటిచ్చారు. మొదటిసారి నేను కూడా ఇచ్చాను. నా జీవితంలో అంత కష్టమైన పని చేయలేదు. కాలు లేచింది. బంతి వానలోకి లేచి, గాలికి కాస్త వంగి, మళ్ళీ సర్దుకుని, ఆ రెండు స్తంభాల మధ్యనుంచి వెళ్ళిపోయింది.

అందరూ ఒక్కసారిగా కేకలు పెట్టారు. నా పక్కన మా మత్తు డాక్టరు గొడుగు గాల్లోకి విసిరేసి, "అదీ మన తెనాలి దెబ్బ!" అని అరుస్తోంది. ఆవిడది కాకినాడ.

నేను మాత్రం అలాగే నిలబడిపోయాను. కళ్ళు మసకబారాయి, ఈసారి అద్దం లేదు.

హరిణి తన చోటుకు వెనక్కి పరుగెత్తుతూ మా వైపు నుంచే వెళ్ళింది. నన్ను కారు బయట చూసింది. ఆగకుండానే, తన జట్టు పిల్లలందరి ముందూ, తెలుగులో కేకేసింది.

"నాన్నా, ఇప్పుడు అరవాలి!"

నేను నోరు తెరిచాను. ఒక్క మాట రాలేదు. చెయ్యి మాత్రం ఊపాను.